తక్కువ పట్టము, తరుగని కీర్తి

చెన్నపట్టణములో సెంట్రలు స్టేషను సమీపముననున్న వైద్య కళాశాల ముందుగా పోవునపుడెల్ల మనకు యల్లాప్రగడ సుబ్బారావుగారు జ్ఞప్తికి వత్తురు.

1857లో వెలసిన మదరాసు విశ్వవిద్యాలయము తన పూర్వవిద్యార్థులలో సర్ సి. వి. రామన్, డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి మున్నగువారిని చెప్పుకొని గర్వించుట న్యాయమే. ఆ వరుసలో మన తెలుగుబిడ్డ పేరు చెప్పునపుడు మాత్రము ఒక సంగతి దాచరాదు.

1895లో భీమవరమున జన్మించిన సుబ్బారావుగారు ఈ కళాశాలలో చదువుచు, గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించిరి. శస్త్రవైద్యాచార్యునికి అది గిట్టలేదు. చివరకు ఎం.బి. పట్టమునకు బదులు, దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చినది.

ఆయన అమెరికా చేరి, 1925లో ఫిస్కేతో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. లెడర్లీ పరిశోధనశాలలో ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ మందు వచ్చినది. 1948లో అనేక అంటురోగములకు పనిచేయు ఆరియోమైసిను వెలువడినది. ఆ యేడే, 53వ యేట, కన్నుమూసిరి.

పట్టము ఆయనను తక్కువగా కొలిచినది. ఆయన విద్య ఆ కొలతకు లొంగలేదు. ఈ యుగాదినాడు మన పిల్లలలో మార్కులు తగ్గినవానిని చిన్నచూపు చూడక, దగ్గరకు పిలిచి ఈ కథ చెప్పుదము.