మెట్ట నేలల్లో సేంద్రియ కర్బనం

వర్షాధార సాగు నేలల్లో సేంద్రియ కర్బనం అంటే మొక్కల, జీవుల అవశేషాలు కుళ్ళి మట్టిలో నిలిచిన కర్బనం. భూసార పరీక్షల్లో ఇది 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. రాయలసీమ ఎర్ర నేలలు, తెలంగాణ చెల్కలు (ఇసుకపాలు ఎక్కువైన ఎర్ర నేలలు) చాలావరకు తక్కువ తరగతిలోవే.

కారణాలు: వేడి నేలలో సూక్ష్మజీవులు కర్బనాన్ని త్వరగా ఖర్చు చేస్తాయి. వాన తక్కువైతే పైరు పెరుగుదలా తక్కువే. వచ్చిన కొద్దిపాటి చొప్ప పశువులకు, కంది కట్టె పొయ్యికి పోతుంది. వేరుశనగను వేళ్ళతో సహా పీకేస్తారు. పదేపదే దున్నడమే ప్రధాన కారణమని కొందరంటారు. దున్నకం పాత్ర కాదనలేనిదే అయినా, పొలానికి తిరిగి చేరేది కరువవడమే అసలు లోటని దీర్ఘకాలిక ప్రయోగాలు సూచిస్తున్నాయి.

ప్రయోగాలు: అనంతపురం ఎర్ర నేలలో 1985 నుంచి 20 ఏళ్ళు ఏటా వేరుశనగే వేసి చూశారు. హెక్టారుకు ఏటా సుమారు 1.12 టన్నుల కర్బనం చేరితే తప్ప ఉన్న నిల్వ తరగకుండా నిలవదని తేలింది. సగం మోతాదు రసాయనిక ఎరువులతో పాటు 4 టన్నుల వేరుశనగ పొట్టు వేసిన మడుల్లో కర్బనం మెరుగ్గా నిలిచింది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో 1976లో మొదలైన నల్లరేగడి ప్రయోగం ఇంతకన్నా ఆశాజనకం. ఎత్తు మడులు, కాలువలు, కందితో అంతరపంట, తగిన ఎరువులు ఉన్న పొలంలో 24 ఏళ్ళకు 120 సెంటీమీటర్ల లోతు వరకు హెక్టారుకు 46.8 టన్నుల కర్బనం ఉండగా, పాత పద్ధతి పొలంలో 39.5 టన్నులే ఉంది. రేగడిలో బంకమన్ను ఎక్కువ గనుక ఈ ఫలితాన్ని చెల్కలకు యథాతథంగా వర్తింపజేయడం తగదు.

పద్ధతులు: పశువుల ఎరువు, గొర్రెల మంద కట్టడం, జనుము వంటి పచ్చిరొట్ట, గట్ల మీద గ్లిరిసిడియా, రాలే కంది ఆకు ముఖ్యమైనవి. తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయతో చెరువు పూడిక మట్టి పొలాలకు విరివిగా చేరింది. దానిలోని కర్బనంలో చాలాభాగం ఒకప్పుడు ఆ పొలాల నుంచే కొట్టుకుపోయినది కాబట్టి దీన్ని కొత్త రాబడిగా లెక్కించడంపై భిన్నాభిప్రాయాలున్నాయి. అయితే పూడిక తెచ్చే బంకమన్ను చెల్కలో తేమనూ కర్బనాన్నీ పట్టి ఉంచుతుంది. ఆ మేలు విలువైనది.

కొలత: పై 15 సెంటీమీటర్ల మట్టినే పరీక్షిస్తే పెరుగుదల ఎక్కువగా కనిపించవచ్చు. దున్నకం తగ్గిన చోట కర్బనం పైపొరలో పోగుపడుతుంది. లోతులో అంత మార్పు ఉండకపోవచ్చు. పెరిగిన నిల్వ కూడా శాశ్వతం కాదు. పొలానికి చేరే చెత్త, ఎరువు ఆగితే కొన్నేళ్ళలో అది మళ్ళీ తరుగుతుంది.