అవెన్యూ జె పిజ్జా పెద్దాయన

ముప్పది రెండేండ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినవాడికి పిజ్జా చరిత్రతో పనేమిటని మీరు నవ్వవచ్చును. నవ్వండి. నాకు మాత్రం ఈ ఋణం తీర్చుకోక తప్పదు.

2016 వేసవిలో నేనూ మా శ్రీమతీ న్యూయార్కు నగరంలో, బ్రూక్లిన్‌లోని మా అమ్మాయి ఇంట నాలుగు నెలలు గడిపాము. ఇంటికి నడక దూరంలో, మిడ్‌వుడ్ పేటలో, అవెన్యూ జె, ఈస్ట్ 15వ వీధి కలిసే మూలన "డి ఫారా" అనే ఇరుకైన అంగడి ఉండేది. దాని యజమాని డొమెనికో డిమార్కో. 1936లో ఇటలీలోని కసెర్తా ప్రాంతంలో జన్మించి, 1959లో అమెరికా చేరి, 1965లో ఈ అంగడి తెరిచాడు. పేరులోని "డి" ఆయనది, "ఫారా" ఫరీనా అనే భాగస్వామిది. 1978లో ఆ భాగస్వామి వాటా ఈయనే కొనుక్కున్నా పేరు మాత్రం మార్చలేదు. మనుషులు విడిపోయినా సమాసం విడిపోలేదన్నమాట!

అప్పటికే ఆయన ఎనుబదవ పడిలో అడుగుపెడుతున్నాడు. పిల్లలు సాయం చేసినా, పిండి పరచడం మొదలు పొయ్యి నుండి తీయడం వరకు ఆయన చేయి పడవలసిందే. నడుము వంగిన ఆ మనిషి మండే పొయ్యి తలుపు తెరిచి, పిజ్జా అంచును వట్టి వేళ్ళతో పట్టి బయటికి లాగేవాడు. పొడుగుముక్కు రాగిపాత్రతో ఆలివు నూనె ధారగా పోసేవాడు. గ్రానా పదానో అనే గట్టి చీజును కోరి చల్లేవాడు. చివరికి బేసిల్ కట్ట ఒక చేత, కత్తెర ఒక చేత పట్టుకుని ఆకులను తుంపులుగా కత్తిరించేవాడు. తొందర అన్న మాట లేదు. బయట జనం గంటకు పైగా నిలబడేవారు. 2009లోనే ఒక్క ముక్క వెల అయిదు డాలర్లు చేసినప్పుడు పత్రికలు ఆ సంగతిని వార్తగా వేశాయట.

నన్ను ఆశ్చర్యపరచిన విషయం మరొకటి. ఆ పేట నిండా ఆచారవంతులైన యూదులు. అంగడిలో పంది మాంసం కూడా వండుతారు గనుక వారి నియమాలకు ఆ భోజనం సరిపడదు. అయిదు దశాబ్దాలు ఆయన ఆ ఇరుగుపొరుగు మధ్యనే అంగడి నడిపాడు. మడి ఆచారాల మధ్య పెరిగిన మాకు ఆ దృశ్యం కొత్తగా తోచలేదు.

ఇక చరిత్ర. 1889లో నేపుల్స్ నగరంలో రఫాయెలె ఎస్పోసితో అనే వంటవాడు మార్గరీతా రాణికి మూడు రంగుల పిజ్జా సమర్పించాడనీ, ఆ పేరు అలా వచ్చిందనీ లోకం చెప్పుకుంటుంది. రుజువుగా రాజగృహం నుండి వచ్చిన లేఖను చూపుతారు. ఆ లేఖలోని ముద్రను, చేవ్రాతను పరిశీలించినవారు దాని ప్రామాణ్యాన్ని శంకించారు. వికటకవి కథలన్నీ చరిత్ర కావని, పాండురంగ మాహాత్మ్యం వ్రాసిన రామకృష్ణుడు వేరు, జనం నోట పెరిగిన రామకృష్ణుడు వేరు అని తరగతిలో చెప్పేవాణ్ణి. ఇదీ ఆ కోవలోనిదే. అలాగే 1905లో న్యూయార్కు స్ప్రింగ్ వీధిలో గెన్నారో లొంబార్డీ తెరిచినదే అమెరికాలో తొలి పిజ్జా అంగడి అనే మాట కూడా. పాత పత్రికల ప్రకటనలు వెదికిన పరిశోధకులు అంతకు ముందే ఫిలిప్పో మిలోనె అనే మరొకరి పేరు బయటపెట్టారు. తొలి అంగళ్ళలో బొగ్గు పొయ్యిలు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత గ్యాసు పొయ్యిలు వ్యాపించి, ముక్కలుగా కోసి అమ్మే చిన్న అంగళ్ళు వీధివీధినా వెలిశాయి. డిమార్కోది ఆ తరం అంగడి. అసలు టొమాటో అమెరికా ఖండం నుండి ఐరోపాకు పోయినది. పోర్చుగీసుల ఓడలెక్కి మన గుంటూరు దాకా వచ్చిన మిరపకు దాయాది.

మా శ్రీమతి బయటి తిండి ముట్టేది కాదు. మొదటి రోజు ఊరికే చూడటానికి వచ్చింది. ఆయన కత్తెరతో ఆకులు తుంచుతుంటే ఆమె ముఖం వెలిగింది. "ఇది మన రుద్రజడ కాదుటండీ? తులసికి చుట్టమే గదా!" అన్నది. నిజమే, సబ్జా గింజలిచ్చే మొక్కే అది. "ఆయన చేతులు కాలవూ?" అని కూడా అడిగింది. ఆ పూట ఒక ముక్క పూర్తిగా తిన్నది. ఆ వేసవిలో మరి ఆరేడుసార్లు ఆమే నన్ను వెంటబెట్టుకొని పోయింది.

ఊరికి తిరిగి వచ్చిన తరువాత, ఏదో చదువుతుండగా తెలిసింది. గ్రానా పదానో చీజుకు పాలు విరవడానికి వాడే తోడు లేగదూడ పొట్ట నుండి తీస్తారట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా పాపం సరే, ఆమె ఏకాదశులూ, కార్తీక సోమవారాలూ తలుచుకొని మథనపడ్డాను. చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే ఆ నాలుగు నెలల సంతోషమంతా ఒక్క మాటతో అశుచి అయిపోతుంది. ఏటేటా పిల్లలకు హరిశ్చంద్రుని కథ పాఠంగా చెప్పినవాణ్ణి, చెప్పలేకపోయాను.

ఆమె 2021లో వెళ్ళిపోయింది. 2022 మార్చి 17న డిమార్కో తన 85వ యేట మరణించాడు. మా అమ్మాయి ఫోనులో ఆ కబురు చెబుతుంటే, బ్రూక్లిన్ నుండి ఫోను వచ్చినప్పుడల్లా మా శ్రీమతి తప్పక అడిగే ప్రశ్న జ్ఞాపకం వచ్చింది.

"ఆ పెద్దాయన ఎలా ఉన్నాడే? చేతులు జాగ్రత్తగా చూసుకోమని చెప్పు."