తిత్తి: శ్రుతి పట్టిన మేకతోలు

కొలిమిలో నిప్పు రాజేసేది తిత్తి. మన ఛాతీలో ఆడేవి ఊపిరితిత్తులు. కథ చెప్పేవాళ్ల వెనక నిలబడి, చంకలో తోలుసంచి నొక్కుతూ శ్రుతి పట్టే మనిషి వాద్యం కూడా తిత్తే. మేం రాస్తున్నది ఈ మూడోదాని గురించి.

ఇది పశువు మూత్రకోశంతో చేసేదని కొందరు అనుకుంటారు. అలాంటి వాద్యాలు ఐరోపాలో ఉన్నాయి. మన తిత్తికి మాత్రం మేక ఒంటి తోలు మొత్తం కావాలి. పొట్ట నిలువునా చీల్చకుండా, చొక్కా విప్పినట్టు ఒలవాలి. పదును చేశాక రెండు రంధ్రాల్లో గొట్టాలు బిగించి, మిగతావి గాలి పోకుండా కట్టేస్తారు. ఒక గొట్టంలోంచి ఊదుతారు, పీక ఉన్న రెండోది పలుకుతుంది. వాయించేవాళ్లు ఊపిరి తీసుకునేటప్పుడు మోచెయ్యి సంచిని నొక్కుతుంది కాబట్టి నాదం తెగదు. రాగం పలకదు, ఒకటే శ్రుతి. సంగీత గ్రంథాల్లో దీని పేరు 'శ్రుతి ఉపాంగం'.

దేవదాసీల నాట్యంలోనూ ముఖవీణ, మద్దెలతో పాటు తిత్తి ఉండేది. తర్వాత హార్మోనియం, శ్రుతిపెట్టె వచ్చాయి. ఊదే శ్రమ తప్పింది, నిజమే. అయితే ఎంగిలి, తోలు అనే రెండు మైలలూ ఒకే వాద్యంలో ఉన్న సంగతి పక్కనపెట్టి ఈ మార్పును చెప్పలేమని మా అభిప్రాయం.

తోలు సభల నుంచి పోలేదు మరి. మృదంగానికి ఆవు, మేక, గేదె తోళ్లు మూడూ కావాలి. వాటిని తయారుచేసే దళిత క్రైస్తవ కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' రాస్తే, 2020లో ఆ పుస్తకావిష్కరణకు ఇచ్చిన అనుమతిని చెన్నై కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది.

ఊళ్లలో తోళ్లు పదును చేసే పనిని కులం మాదిగల మీద పెట్టింది. లందల్లో సున్నం, తంగేడు చెక్కతో ఎన్ని రోజులు నానాలో, తోలు ఎప్పుడు మెత్తబడిందో చేత్తో పట్టి చెప్పగలిగిన విద్య అది. వాద్యాల పట్టికల్లో మాత్రం 'మేకతోలు, వెదురు' అని ఉంటుంది, మేకే వచ్చి ఇచ్చిపోయినట్టు!

క్షేత్రపర్యటనల్లో తిత్తి కనిపిస్తే వాయించినవాళ్ల పేరు ఎలాగూ రాసుకుంటారు. తోలు ఎవరు ఒలిచారు, ఏ లందలో ఊరింది, పీక ఎవరు చెక్కారు, చిరిగితే ఎవరు కుట్టారు అన్నవి కూడా అడగండి. చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు.