కర్త, కర్మ, క్రియ: చిక్కు ఎక్కడుంది?

తెలుగు పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణం చెప్పే పుస్తకాల్లో చాలావాటికి మొదటి పాఠం ఒకటే. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త పక్కనే వస్తుంది. "రాముడు పండు తిన్నాడు" ఒకవైపు, "రామ ఏట్ ఏ ఫ్రూట్" ఇంకోవైపు, మధ్యలో బాణం గుర్తులు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ రెండు భాషల మధ్య పైకి కొట్టొచ్చినట్టు కనబడే తేడాయే నేర్చుకునేవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెడుతుందా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న మీద అరవై ఏళ్లకు పైగా పరిశోధన సాగింది. అందులో తేలిన విషయాలను తెలుగు క్రియ పక్కన పెట్టి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. ఇక్కడ ఉదహరించే అధ్యయనాలు ఎక్కువగా జపనీస్, చైనీస్, స్పానిష్ వంటి భాషలు మాట్లాడేవాళ్ల మీద జరిగినవి. వాటిని తెలుగుకు అన్వయించిన చోట అది నా ఊహే, రుజువు కాదు.

పదక్రమం సంగతి ముందు చూద్దాం. ప్రపంచ భాషల నిర్మాణాలను పోల్చే అట్లాసు కోసం మాథ్యూ డ్రయర్ 1,370కి పైగా భాషల పదక్రమాన్ని లెక్కగట్టారు. వాటిలో తెలుగులాగా కర్త, కర్మ, క్రియ అనే వరసలో నడిచేవి 560కి పైగా ఉన్నాయి. ఇంగ్లీషు తరహావి 490కి కాస్త తక్కువ. అంటే మన వరస విడ్డూరమేమీ కాదు, అన్నిటికన్నా పెద్ద జట్టు మనదే. ఈ వరసకు తోడుగా ఇంకొన్ని లక్షణాలు కలిసి వస్తాయని 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 30 భాషలను పరిశీలించి చూపారు. కర్మ తర్వాత క్రియ వచ్చే ఇలాంటి భాషల్లో 'లో', 'మీద', 'తో' లాంటివి దాదాపు ఎప్పుడూ నామవాచకం వెనకే చేరతాయి. ఆయన పరిశీలించిన ముప్పైలో తెలుగు లేదు గానీ కన్నడం, హిందీ ఉన్నాయి. కాబట్టి క్రియను ముందుకు జరపడం, 'బల్ల మీద'ను తిరగేసి "ఆన్ ద టేబుల్" అనడం రెండు వేర్వేరు పాఠాలుగా కనిపించినా మూలంలో ఒకే పాఠం.

ఈ పాఠం ఎంత కష్టం? జపనీస్ కూడా క్రియతో ముగిసే భాషే. అయినా జపాన్ విద్యార్థుల ఇంగ్లీషులో క్రియను చివరికి నెట్టే తప్పు కనబడదని 1983లో విలియం రూథర్‌ఫర్డ్ వాదించారు. టెరెన్స్ ఓడ్లిన్ 1990లో దీన్ని ఒప్పుకోలేదు. హవాయిలో స్థిరపడిన జపనీస్ వలస కూలీల ఇంగ్లీషులో క్రియ చివర వచ్చే వాక్యాలు నమోదయ్యాయని, ఇంకా అలాంటి ఉదాహరణలున్నాయని ఆయన చూపారు. రెండు వాదాలనూ కలిపి చదివితే నాకు తోచేది ఇది: పుస్తకం, పలక, టీచరు ఉన్నచోట పదక్రమం తొందరగానే పట్టుబడుతుంది. తోటల్లో, రేవుల్లో చెవిన పడ్డ మాటలతో పని గడుపుకునేవాళ్ల దగ్గర సొంత భాష వరస ఎక్కువకాలం నిలుస్తుంది. మన బడి పిల్లలు మొదటి కోవకు చెందినవాళ్లు. వాళ్లకు బాణం గుర్తుల పాఠం అవసరమే గానీ అక్కడే నెలలు గడపనక్కర్లేదు.

1957లో రాబర్ట్ లాడో రాసిన పుస్తకం ఒక తరం టీచర్లకు దారి చూపింది. సొంత భాషను పోలినవి తేలిక, పోలనివి కష్టం అన్నది ఆయన వాదన. వినడానికి తిరుగులేనిదిగా ఉంటుంది. దీన్ని తెలుగు క్రియ మీద పరీక్షించి చూడండి. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తాం, వెళ్తారు, వెళ్తాయి. ఎవరు వెళ్తున్నారో క్రియ చివరే తెలిసిపోతుంది, అందుకే కర్తను చెప్పకపోయినా మనకు లోటుండదు. ఇంగ్లీషు వర్తమానంలో ఉన్నవి రెండే రూపాలు, గో, గోస్. ఏడు రూపాలను నాలుగేళ్లకే తప్పులేకుండా వాడే పిల్లవాడికి ఒక్క 'స్' చేర్చడం లెక్కలోది కాకూడదు. కానీ "మై ఫాదర్ గో టు ఆఫీస్" అనే వాక్యం ఎరగని ఇంగ్లీషు టీచరు మన దగ్గర ఉండరు. డిగ్రీ చదివేవాళ్ల రాతల్లోనూ అది మిగిలే ఉంటుంది.

లాడో సిద్ధాంతంతో దీనికి జవాబు దొరకదు. 1974లో హెయిడీ డూలే, మరీనా బర్ట్ స్పానిష్, చైనీస్ పిల్లల ఇంగ్లీషును పోల్చి, రెండు జట్లూ వ్యాకరణ రూపాలను దాదాపు ఒకే వరసలో పట్టుకుంటున్నాయని రాశారు. ఈ కోవలోని 12 అధ్యయనాలను 2001లో గోల్డ్‌ష్నైడర్, డికైజర్ కలిపి లెక్కవేశారు. ఆ వరసకు కారణంగా వాళ్లు చూపినవి ఐదు: రూపం చెవికి ఎంత స్పష్టంగా తగులుతుంది, అర్థం ఎంత చిక్కుగా ఉంది, ఉచ్చారణలో ఎంత నిలకడగా ఉంది, వ్యాకరణంలో ఏ కోవకు చెందింది, ఎంత తరచుగా వినబడుతుంది. 'స్' వీటిలో చాలావాటికి ఓడిపోతుంది. మాట చివర సన్నగా వినబడుతుంది, ఒకచోట 'స్', ఒకచోట 'జ్', ఇంకోచోట 'ఇజ్' అవుతుంది, అది పోయినా అర్థం చెడదు. మన 'డు', 'ది' పోతే ఎవరి గురించి మాట్లాడుతున్నామో తెలియదు. బరువు మోసే ప్రత్యయాన్ని చెవి వదలదు, ఉట్టి అలంకారంగా ఉన్నదాన్ని వదిలేస్తుంది.

అలాగని సొంత భాషకు పాత్రే లేదనుకుంటే అదీ తప్పే. కేంబ్రిడ్జి పరీక్షల్లో ఏడు మాతృభాషల వాళ్లు రాసిన వేలాది జవాబు పత్రాలను మురకామి, అలెక్సోపులు పరిశీలించి 2016లో ప్రచురించారు. ఆరు వ్యాకరణ రూపాలు నేర్చుకునే వరస మాతృభాషను బట్టి మారుతోందని, ఆ ప్రభావం ఆర్టికల్స్ దగ్గర బలంగా ఉందని వాళ్లు తేల్చారు. సొంత భాషలో అసలు లేని అరను కొత్తగా తెరవడం, ఉన్న అరలో ఇంకో వస్తువు పెట్టడం కన్నా కష్టమన్నమాట. ఆ ఏడు భాషల్లో తెలుగు లేదు. అయితే జపనీస్, కొరియన్, రష్యన్, టర్కిష్ ఉన్నాయి. వాటిలోనూ 'ద'కు సాటి వచ్చేది లేదు, మనకూ లేదు. అందుకే ఆర్టికల్స్ మనవాళ్లకు చివరిదాకా వేధించే విషయమనుకోవడానికి ఆధారం కొంత ఉంది.

క్రియే లేని వాక్యం కూడా ఇలాంటిదే. "ఆయన డాక్టరు" అంటే తెలుగులో నిండు వాక్యం. "నేను టీచర్ని", "నువ్వు టీచర్వి" అన్నప్పుడు పురుష ప్రత్యయం ఏకంగా నామవాచకానికే తగులుకుంటుంది. 'ఈజ్', 'యామ్' పలకాల్సిన చోట తెలుగువాడికి చోటే కనబడదు. నా లెక్కలో బాణం గుర్తులకు ఇచ్చే సమయంలో సగం దీనికివ్వాలి.

ఇక్కడ చిన్న పక్కదారి. "ఐ యామ్ నోయింగ్", "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" లాంటి వాక్యాలు వినగానే "మాతృభాష ప్రభావం" అని ముద్ర వేసేస్తాం. తెలుగులో ఎవరైనా "నేను తెలుస్తున్నాను" అంటారా? "నాకు తెలుసు" అంటాం. కర్తకు 'కు' చేరుతుంది, 'తెలుసు' ఏ పురుషకూ మారదు. "నాకు ఇద్దరు అన్నదమ్ములు" అన్నా అంతే, అక్కడ జరుగుతూ ఉన్న పని ఏదీ లేదు. కాబట్టి 'నోయింగ్'ను తెలుగు మీదకు నెట్టడం కుదరదు. బడిలో 'ఇంగ్' రూపం ముందుగా, అతిగా అలవాటు చేయడమూ కారణం కావచ్చు. కావచ్చు అంటున్నానే గానీ, అదీ పరీక్షకు నిలిచిన మాట కాదు. తప్పు చూసి కారణం చెప్పేముందు సొంత భాషలో ఆ రూపం నిజంగా ఉందా అని చూసుకోవడం కనీస మర్యాద.

హిందీ దగ్గరికి వస్తే కష్టం ఇంకోచోట ఉంటుంది. పదక్రమం ఒకటే, విభక్తులు వెనకే వస్తాయి, "లేచి, తిని, వెళ్ళాడు" అన్న అసమాపక క్రియల గొలుసుకు 'ఉఠ్‌కర్', 'ఖాకర్' సిద్ధంగా ఉన్నాయి. ఇలాంటి పోలికలను పట్టుకునే 1956లో మరే ఎమెనో భారతదేశం మొత్తం ఒక భాషా మండలమన్నారు. తెలుగు పిల్లలు తడబడేది లింగం దగ్గర. అమ్మ వచ్చింది, పిల్లి వచ్చింది, బస్సు వచ్చింది. తెలుగు ఏకవచనంలో మగవాడా, కాదా అన్నదొక్కటే ప్రశ్న, అదీ అర్థాన్ని బట్టి తేలుతుంది. హిందీలో గాడీ 'ఆయీ', ట్రక్ 'ఆయా'. ఎందుకని అడిగితే మాటను బట్టి తప్ప వస్తువును బట్టి జవాబు లేదు. దానిపైన 'నే' ఒకటి. "రామ్ నే రోటీ ఖాయీ" అన్నప్పుడు క్రియ రాముణ్ణి వదిలి రొట్టెతో జత కడుతుంది. కర్తతో క్రియ కలవాలన్న తెలుగు సూత్రం ఇక్కడ బోల్తా పడుతుంది.

హైదరాబాదు దక్కనీలో ఈ 'నే' తరచుగా ఉండదు. క్రియ కర్త వెంటే నడుస్తుంది. మన 'అని' చేసే పనిని అక్కడ 'బోల్‌కే' చేస్తుంది. తరతరాలుగా పక్కపక్కన బతికిన భాషలు ఒకదాని వాక్యంలోకి ఒకటి ఇలా ఒదిగిపోతాయి. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని కుప్వార్ గ్రామం ఇందుకు పేరున్న ఉదాహరణ. కన్నడం, మరాఠీ, ఉర్దూ, కొద్దిగా తెలుగు మాట్లాడే ఆ ఊరి గురించి గంపర్జ్, విల్సన్ 1971లో రాస్తూ, మాటలు వేరైనా వాక్య నిర్మాణం దాదాపు ఒకటైపోయిందన్నారు. బయట కన్నడంలో "ఇది మీ ఇల్లు" తరహా వాక్యానికి క్రియ అక్కర్లేదు. కుప్వార్ కన్నడం మాత్రం మరాఠీ, ఉర్దూల్లాగా చివర క్రియ చేర్చుకుంది. నలభై ఏళ్ల తర్వాత అదే ఊరిని మళ్లీ పరిశీలించిన సోనల్ కులకర్ణీ జోషీ ఆ "అంతా ఒకటే" అన్న నమూనాను గట్టిగా ప్రశ్నించారు. కాబట్టి కథ మొదట చెప్పినంత సాఫీగా లేదు.

బడికి వద్దాం. సూత్రం విప్పి చెబితే లాభమా, వాడుకలో వదిలేస్తే లాభమా? నోరిస్, ఒర్టేగా 2000లో 49 అధ్యయనాల ఫలితాలను కలిపి చూసి, విప్పి చెప్పిన బోధనదే పైచేయి అన్నారు. అయితే ఆ అధ్యయనాల్లో చాలావాటిలో పరీక్ష పెట్టిన తీరు ఖాళీలు పూరించడం, సరైనది గుర్తించడం వంటిదేనని వాళ్లే ఎత్తి చూపారు. సూత్రం చదివినవాళ్లు అలాంటి పరీక్షలో నెగ్గడం వింతేమీ కాదు.

దక్షిణాదిలోనే దీనికి ఒక పాత సాక్ష్యం ఉంది. ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు ప్రాంతాల బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణ పాఠం లేదు. రైలు టైమ్‌టేబుల్ చూసి లెక్కవేయడం, పటంలో దారి కనుక్కోవడం లాంటి పనులు ఇంగ్లీషులో చేయించారు. 1985లో బెరెట్టా, డేవిస్ ప్రచురించిన మూల్యాంకనంలో ప్రయోగం తరగతులను మామూలు తరగతులతో పోల్చితే, ఎవరి పద్ధతికి సరిపోయే పరీక్షలో వాళ్లు మెరుగ్గా రాశారు. ఏ పద్ధతివీ కాని పరీక్షల్లో ప్రయోగం తరగతులది కాస్త పైచేయి. తరగతులను చీట్లు వేసి విడగొట్టలేదు కాబట్టి, ఆ పైచేయి పద్ధతి వల్లనా, టీచర్ల వల్లనా అన్నది తేల్చడం కష్టం. ఒక్కటి మాత్రం గట్టిగా అనొచ్చు. వ్యాకరణం చెప్పకపోయినా ఆ పిల్లలకు వ్యాకరణం కొంత వచ్చింది.

ఇక అసలు చిక్కు. ఇంతవరకూ మాట్లాడిందంతా రాసిన తప్పుల గురించి. రాయనిదాని సంగతి? 1974లో జాక్వెలీన్ షాక్టర్ విద్యార్థుల ఇంగ్లీషు వ్యాసాల్లో 'హూ', 'విచ్', 'దట్'లతో వచ్చే ఉపవాక్యాలను లెక్కపెట్టారు. చైనీస్, జపనీస్ విద్యార్థులు అరబ్, పర్షియన్ విద్యార్థుల కన్నా చాలా తక్కువ తప్పులు చేశారు. బాగా వచ్చు కాబోలు అనుకుంటాం. కానీ వాళ్లు అలాంటి వాక్యాలు రాసిందే అవతలి వాళ్లు రాసినవాటిలో సగానికి లోపు. వాళ్ల భాషల్లో ఆ ఉపవాక్యం నామవాచకానికి ముందు వస్తుంది. మన "నేను నిన్న కొన్న పుస్తకం" లోనూ అంతే. తెలుగు విద్యార్థి కూడా "ద బుక్ దట్ ఐ బాట్ యెస్టర్డే" జోలికి పోకుండా రెండు చిన్న వాక్యాలతో గట్టెక్కుతున్నాడేమో అన్న అనుమానం ఇక్కడే పుడుతుంది. ఎర్రసిరా ఆ కాగితం మీద ఏమీ పట్టుకోదు.

అయితే తప్పించుకున్నాడు అనాలంటే ముందు ఆ రూపం అతనికి తెలుసని చూపాలని 1977లో హోవర్డ్ క్లైన్‌మన్ గుర్తుచేశారు. తెలియనిదాన్ని వాడకపోవడం తప్పించుకోవడం కాదు. పదో తరగతి గదిలో దీన్ని తేల్చడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. ముందు ఒక వ్యాసం రాయించి, అందులో అలాంటి ఉపవాక్యాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. మర్నాడు "నిన్న ఒక పుస్తకం కొన్నాను. అది పోయింది." లాంటి జంటలు పది ఇంగ్లీషులో ఇచ్చి, ఒక్కో జంటను ఒకే వాక్యంగా కలపమనాలి. రెండో రోజు కలిపి, మొదటి రోజు రాయనివాళ్లకు కావలసింది అభ్యాసం, ధైర్యం. రెండో రోజూ కలపలేనివాళ్లకు 'కొన్న పుస్తకం' తెలుగులో ఎలా తయారవుతుందో ముందు చూపించి, ఆ తర్వాతే 'దట్' దగ్గరికి తీసుకెళ్లాలి.