నదీన్ ఆంగెరర్

నదీన్ ఆంగెరర్ జర్మనీ దేశానికి చెందిన మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారిణి, గోల్‌కీపర్ల శిక్షకురాలు. ఈమె 1978 నవంబరు 10న అప్పటి పశ్చిమ జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో, లోర్ ఆమ్ మైన్ పట్టణంలో జన్మించింది. 1996 నుండి 2015 వరకు జర్మనీ మహిళల జట్టు తరఫున 146 అంతర్జాతీయ పోటీలలో పాల్గొన్నది. 2013 సంవత్సరానికి ఫిఫా ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకొన్నది. పురుషులలో గాని, మహిళలలో గాని ఒక గోల్‌కీపర్‌కు ఈ పురస్కారం లభించడం అదే ప్రథమం.

తొలి దశ

ఆంగెరర్ బాల్యంలో గోల్‌కీపర్ కాదు. గోల్స్ చేసే ముందు వరుస క్రీడాకారిణిగానే ఆట ప్రారంభించింది. ఒక పోటీలో గాయపడిన గోల్‌కీపర్ స్థానంలో నిలబడవలసి వచ్చినప్పుడు ఈమెలోని నైపుణ్యం బయటపడింది. ఆ తరువాత నూరెంబర్గ్, మ్యూనిక్ నగరాల జట్లకు ఆడి, 2001లో టర్బైన్ పోట్స్‌డామ్ జట్టులో చేరింది. ఆ జట్టుతో 2004, 2006 సంవత్సరాలలో జర్మన్ లీగ్‌ను, 2005లో ఐరోపా క్లబ్బుల మహిళా కప్పును గెలుచుకొన్నది.

పదకొండేళ్ల నిరీక్షణ

1996 ఆగస్టు 27న నెదర్లాండ్స్‌పై జరిగిన పోటీతో ఈమె అంతర్జాతీయ రంగంలో ప్రవేశించింది. అయితే జర్మనీ ప్రధాన గోల్‌కీపర్ స్థానం అనేక సంవత్సరాలు సిల్కె రోటెన్‌బెర్గ్‌దే. ఇతర క్రీడాకారిణులను ఆట మధ్యలో ఏదో ఒక స్థానంలో దింపే అవకాశం ఉంటుంది. గోల్‌కీపర్ స్థానం మాత్రం ఒక్కటే. మొదటి కీపర్ గాయపడితే తప్ప రెండవ కీపర్‌కు అవకాశం అరుదుగా లభిస్తుంది. 2003లో జర్మనీ ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ఆంగెరర్ జట్టులో ఉన్నప్పటికీ గోల్ ముందు నిలిచినది రోటెన్‌బెర్గ్. ఈ కాలమంతా ఈమె సాధన మానక, జట్టును వీడక వేచి ఉన్నది.

2007 ప్రపంచ కప్పు

2007 ప్రారంభంలో రోటెన్‌బెర్గ్ మోకాలికి తీవ్ర గాయమైంది. ఆ సంవత్సరం చైనాలో జరిగిన ప్రపంచ కప్పులో శిక్షకురాలు సిల్వియా నైడ్ ఆంగెరర్‌ను ప్రధాన గోల్‌కీపర్‌గా నిలిపింది. జర్మనీ ఆడిన ఆరు పోటీలలో, అనగా 540 నిమిషాలలో, ఈమె ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. 1990 పురుషుల ప్రపంచ కప్పులో ఇటలీ గోల్‌కీపర్ వాల్టర్ జెంగా 517 నిమిషాల పాటు గోల్ ఇవ్వకుండా నెలకొల్పిన రికార్డును ఇది మించిపోయింది.

సెప్టెంబరు 30న షాంఘైలో జరిగిన ఫైనల్‌లో జర్మనీ 1-0 ఆధిక్యంలో ఉండగా బ్రెజిల్‌కు పెనాల్టీ కిక్ లభించింది. పెనాల్టీలో బంతిని గోల్‌కు 11 మీటర్ల దూరంలో ఉంచుతారు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. బంతి గోల్‌ను చేరడానికి అర సెకను పట్టవచ్చు. కనుక గోల్‌కీపర్ దాదాపు తన్నిన క్షణంలోనే దూకవలసిన దిశను నిర్ణయించుకోవాలి. బ్రెజిల్ తార మార్తా తన్నిన ఆ బంతిని ఆంగెరర్ అడ్డుకొన్నది. జర్మనీ 2-0తో విజయం సాధించింది. ఆ టోర్నమెంటులో ఉత్తమ గోల్‌కీపర్‌గా ఈమె ఎంపికైంది.

సారథ్యం, 2013 ఐరోపా కప్పు

2011లో స్వదేశంలో జరిగిన ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్‌లో జర్మనీ అదనపు సమయంలో జపాన్ చేతిలో 0-1తో ఓడిపోయింది. ఆ ఓటమి వలన 2012 లండన్ ఒలింపిక్స్‌కు కూడా అర్హత కోల్పోయింది. బిర్గిట్ ప్రింజ్ విరమణ అనంతరం ఆంగెరర్ జట్టు సారథి అయినది.

2013లో స్వీడన్‌లో జరిగిన ఐరోపా కప్పు తొలి దశలో జర్మనీ నార్వే చేతిలో 0-1తో ఓడింది. ఆ టోర్నమెంటులో ఆంగెరర్ ఇచ్చిన గోల్ అదొక్కటే. జూలై 28న సోల్నాలో, 41,301 మంది ప్రేక్షకుల సమక్షంలో, అదే నార్వే ఫైనల్‌లో ఎదురైంది. ఈమె ప్రథమార్థంలో ఒకటి, ద్వితీయార్థంలో ఒకటి, మొత్తం రెండు పెనాల్టీలను ఆపింది. అన్యా మిట్టాగ్ చేసిన ఏకైక గోల్‌తో జర్మనీ గెలిచింది. 2014 జనవరిలో జూరిచ్ నగరంలో ఫిఫా పురస్కార ప్రదానం జరిగింది.

2015లో కెనడాలో జరిగిన ప్రపంచ కప్పు ఈమెకు చివరిది. క్వార్టర్ ఫైనల్‌లో పెనాల్టీల పోటీలో ఫ్రాన్సు ఐదవ కిక్‌ను ఆపి జట్టును సెమీఫైనల్‌కు చేర్చింది. అక్కడ జర్మనీ అమెరికా చేతిలో ఓడి, చివరకు నాలుగవ స్థానం పొందింది.

శిక్షకురాలిగా

2014 నుండి అమెరికాలోని పోర్ట్‌లాండ్ థార్న్స్ జట్టుకు ఆడిన ఆంగెరర్, 2015లో విరమించి, 2016 నుండి అదే జట్టులో గోల్‌కీపర్ల శిక్షణ బాధ్యత చేపట్టింది. గోల్‌కీపర్ల శిక్షకురాలు మొత్తం జట్టుకు ప్రధాన శిక్షకురాలు కాదు. బంతిని పట్టడం, దూకడం, కాళ్ల కదలిక, ముందుకు వచ్చే సమయాన్ని గ్రహించడం వంటివి కీపర్లకు విడిగా నేర్పుతుంది. పోటీకి దిగే ఒక్కరితో పాటు బెంచిపై మిగిలేవారిని కూడా సిద్ధంగా ఉంచడం ఆమె బాధ్యతే.

ఈమె శిక్షణలో ఏడ్రియానా ఫ్రాంచ్ 2017, 2018 సంవత్సరాలలో అమెరికా జాతీయ మహిళా లీగ్ ఉత్తమ గోల్‌కీపర్‌గా ఎంపికై, 2019 ప్రపంచ కప్పు గెలిచిన అమెరికా జట్టులో స్థానం పొందింది. థార్న్స్ జట్టు 2017, 2022 సంవత్సరాలలో లీగ్ విజేతగా నిలిచింది. 2022 ఫైనల్‌లో థార్న్స్ గోల్‌కీపర్ బెల్లా బిక్స్‌బీ కాగా, ప్రత్యర్థి కాన్సస్ సిటీ గోల్‌కీపర్ ఫ్రాంచ్. ఇద్దరూ ఆంగెరర్ వద్ద శిక్షణ పొందినవారే.

2024లో ఈమె స్విట్జర్లాండ్ మహిళా జట్టు గోల్‌కీపర్ల శిక్షకురాలిగా చేరింది. 2025లో స్వదేశంలో జరిగిన ఐరోపా కప్పులో ఆ జట్టు తొలిసారిగా క్వార్టర్ ఫైనల్ చేరి, బెర్న్‌లో స్పెయిన్ చేతిలో 0-2తో ఓడింది. ఆ పోటీలో గోల్‌కీపర్ లివియా పెంగ్ స్పెయిన్ క్రీడాకారిణి అలెక్సియా పుతెయాస్ తన్నిన పెనాల్టీని అడ్డుకొన్నది.

విశిష్టత

ఫుట్‌బాల్‌లో వ్యక్తిగత పురస్కారాలు సాధారణంగా గోల్స్ చేసేవారికే లభిస్తాయి. గోల్స్ ఆపేవారి కృషి కూడా విజయానికి అంతే ముఖ్యమని ఆంగెరర్‌కు లభించిన పురస్కారం తెలియజేసింది. 28 ఏళ్ల వయస్సు వరకు జట్టులో రెండవ స్థానంలో ఉండి, తరువాత ప్రపంచంలో ప్రథమ స్థానం పొందిన ఈమె క్రీడా జీవితం, అవకాశం కొరకు వేచి ఉండే క్రీడాకారులకు చక్కని ఉదాహరణ.