చందుర్తి ఆకాశంలోనూ ఉంది ఆ ఎక్స్‌రే చుక్క.. 1962లో రాకెట్‌కు ఎలా చిక్కిందంటే?

జూన్‌లో మబ్బు లేని రాత్రి పది, పదకొండు గంటలప్పుడు చందుర్తిలో డాబా ఎక్కి దక్షిణం వైపు చూస్తే వృశ్చిక రాశి తేలు ఆకారంలో కనిపిస్తుంది. ఆ తేలు తల వైపున స్కార్పియస్ ఎక్స్-1 అనే వస్తువు ఉంది. ఎక్స్‌రేల లెక్కన చూస్తే మన ఆకాశంలో సూర్యుడి తర్వాత స్థానం దాదాపు ఎప్పుడూ దానిదే. కంటికి మాత్రం కనిపించదు.

అసలు సమస్య గాలితోనే. పైనుంచి వచ్చే ఎక్స్‌రేలను అది మధ్యలోనే మింగేస్తుంది. నేల మీద ఎంత పెద్ద టెలిస్కోప్ పెట్టినా లాభం లేదు, పైకి వెళ్లాల్సిందే.

1962 జూన్ 18, అర్ధరాత్రికి ఒక్క నిమిషం ముందు అమెరికాలోని వైట్ శాండ్స్ నుంచి ఏరోబీ రాకెట్ ఎగిరింది. చంద్రుడి నుంచి ఎక్స్‌రేలు వస్తాయేమో చూడాలన్నది రికార్డో జియాకోని బృందం ప్లాన్. అంతకుముందు ఏడాది చేసిన ప్రయత్నంలో పరికరాల ముందున్న తలుపులే తెరుచుకోలేదు! ఈసారి లోపల మూడు గైగర్ కౌంటర్లు పెట్టారు. ఎక్స్‌రే తగిలితే లోపలి గ్యాస్‌లో చిన్న కరెంట్ పుడుతుంది, దాన్ని లెక్కపెట్టడమే వాటి పని. అద్దం లేదు, కెమెరా లేదు. రాకెట్ బొంగరంలా తిరుగుతుంటే కౌంటర్లు ఆకాశాన్ని చుట్టూ తడుముతాయి, అంతే.

మూడింట్లో ఒకటి మొరాయించింది. 80 కిలోమీటర్ల పైన దొరికిన టైమ్ సుమారు 350 సెకన్లు. చంద్రుడి నుంచి ఏమీ తేలలేదు కానీ, వృశ్చికం వైపు నుంచి సిగ్నల్ గట్టిగా వచ్చింది. ఆ దారిలో చేసిన కృషికే జియాకోనికి 2002లో నోబెల్ దక్కింది.

రాకెట్ ఇచ్చేది నిమిషాలే. అందుకే టాటా ఇనిస్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు బెలూన్లు ఎంచుకున్నారు. 1968లో హైదరాబాద్ నుంచి బెలూన్ ఎగరేసి ఇదే స్కార్పియస్‌ను గమనించారు. బెలూన్ వెళ్లేది 40 కిలోమీటర్ల దాకానే కాబట్టి బలమైన ఎక్స్‌రేలే అందుతాయి. కానీ గంటల తరబడి చూడొచ్చు.

పని అయ్యాక పరికరాలు పారాచూట్‌తో కిందికి దిగుతాయి. గాలి ఎటు తోస్తే అటు.. చాలాసార్లు ఎవరి పొలంలోనో. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో దిగిన గుండ్రటి క్యాప్సూల్‌ను చూసేందుకు జనం ఎగబడ్డారు. అది హైదరాబాద్ కేంద్రం నుంచే ఎగిరింది, అయితే ఎక్స్‌రేలకు సంబంధించింది కాదు, ఓ విదేశీ సంస్థ ట్రయల్. అలాంటి పెట్టె మీ చేనులో కనిపిస్తే విప్పడం, కదపడం చేయొద్దు. ఏళ్ల శ్రమతో తయారైన పరికరం అందులో ఉండొచ్చు. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు చెబితే చాలు.