'చెకౌట్' అను ఆజ్ఞ కథ

నరసారావుపేటలోనో, మాచర్లలోనో ఒక విద్యార్థి కంప్యూటరు ముందు కూర్చుండి ప్రోగ్రాము వ్రాయుచున్నాడనుకొందము. మధ్యాహ్నమంతయు శ్రమించి ఒక ఫైలును మార్చినాడు. ఇంకను భద్రపరచక మునుపే 'గిట్ చెకౌట్' అని టైపుచేసి, ప్రక్కన ఫైలు పేరు వ్రాసి మీట నొక్కినాడు. ఫైలును తెరచి చూడవలెననియే అతని ఉద్దేశము. కాని చేసిన మార్పులన్నియు తుడిచిపెట్టుకొని పోయినవి! తప్పు విద్యార్థిదా, మాటదా?

ప్రోగ్రాము నిత్యము మారుచుండును. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు చేసిరో భద్రపరచి, కోరినప్పుడు పాత ప్రతిని తిరిగి ఇచ్చు సాధనమునకు 'వెర్షన్ కంట్రోల్' అని పేరు. 1972లో బెల్ ప్రయోగశాలలో మార్క్ రాచ్‌కైండ్ ఇట్టిదానిని నిర్మించెను. అందు ప్రతిని తీసికొను ఆజ్ఞ 'గెట్'.

తరువాతి దశాబ్దములో వాల్టర్ టిచీ రచించిన ఆర్.సి.ఎస్.లో ఆ పనికి 'చెకౌట్' అని పేరు. ఇది గ్రంథాలయపు మాట. గురజాలలో మనము పుస్తకమును రిజిస్టరులో వ్రాయించుకొని ఇంటికి తెచ్చుకొన్నట్లే, ఇందు ఫైలును తాళముతో తీసికొనవలెను. అది తిరిగి చేరువరకు మరియొకరు మార్చరాదు. ఇంతవరకు మాటకు, పనికి పొత్తు కుదిరినది. 1986లో డిక్ గ్రూన్ ఆరంభించిన సి.వి.ఎస్. పలువురు ఒకేసారి పనిచేయుటకై ఆ తాళమును తీసివేసినది. మాట మాత్రము నిలిచినది.

2005 ఏప్రిలులో లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను నిర్మించెను. ఇందు చరిత్ర యంతయు ఎవరి యంత్రములో వారికే ఉండును. దానిని మొదట తెచ్చుకొనుటకు 'క్లోన్' అను వేరు మాట గలదు. చెకౌట్‌కు రెండు పనులు దక్కినవి: పనిలో ఒక శాఖ నుండి మరియొక శాఖకు మారుట ఒకటి, భద్రపరచిన ప్రతిని ఫైలు మీద వేయుట మరియొకటి. యంత్రము లోపల చూచిన రెండును దాదాపు ఒకటే. వాడువానికి అట్లు కాదు. శాఖ మారునప్పుడు మార్పులు నశించునట్లున్నచో గిట్ ఆగి హెచ్చరించును. ఫైలు విషయములో అడుగనైన అడుగదు.

'రివర్ట్' కథ ఇంకను చిత్రము. సబ్‌వెర్షన్ అను సాధనములో అది భద్రపరచని మార్పులను పారవేయును. గిట్‌లోనో, పూర్వము భద్రపరచినదానిని రద్దుచేయు కొత్త మార్పును చేర్చును.

2019 ఆగస్టులో వెలువడిన గిట్ 2.23లో శాఖ మారుటకు 'స్విచ్', ఫైలును పూర్వస్థితికి తెచ్చుటకు 'రిస్టోర్' అను ఆజ్ఞలు వచ్చినవి. పాత అలవాటు గలవారి కొరకు చెకౌట్‌ను తొలగింపలేదు. కనుక మన విద్యార్థి ఈనాడు ఆ మాటనే టైపుచేసినను, మధ్యాహ్నపు శ్రమ అట్లే పోవును.